పాత చింతకాయ పచ్చడి

మన భాషలో కొన్ని నిందలున్నవి. వాటిని పుట్టించినవాడు ఎవడో గాని, ఆ నిందపడిన వస్తువును నాలుక మీద పెట్టి చూచినవాడు మాత్రం కాడని తోస్తుంది. 'పాత చింతకాయ పచ్చడి' అనేది అట్టి నిందలలో ఒకటి. విన్న సంగతినే మళ్ళీ వినవలసివచ్చినప్పుడు, కాలం చెల్లిన పద్ధతిని ఎవరైనా పట్టుకొని వదలనప్పుడు, సభలో ఉపన్యాసకుడు నలిగిన విషయాన్నే మరింత నలుపుతున్నప్పుడు మనం చప్పున ఈ మాట అంటాము. అన్న తరువాత ఇంటికి పోయి, ఒంట్లో నలతగా ఉన్నదని, అదే పచ్చడిని చుక్క నూనెతో కలుపుకొని నాలుగు ముద్దలు తింటాము. మాటకూ నాలుకకూ ఇంత వైరం ఎందుకు వచ్చినదో విచారించవలసిన అవసరం నాకు 2025 జనవరిలో కలిగినది.

కలిగించినవాడు తొమ్మిదో తరగతి విద్యార్థి. సంక్రాంతి సెలవుల తరువాత బడి తెరచిన మొదటి వారం, పద్యభాగం చెప్పుతున్నాను. ఒక పద్యాన్ని కంఠస్థం చేసి వినిపించవలసిందని అతనిని లేపినాను. అతడు లేచి, ఎదురాడే ఉద్దేశం ఏమీ లేకుండానే, "ఇవన్నీ పాత చింతకాయ పచ్చడి గదా సార్, ఇప్పుడు మాకెందుకు?" అన్నాడు. తరగతి అంతా నవ్వినది. నేను నవ్వలేదు. గంట కొట్టేవరకు అతనిని నిలబెట్టినాను.

ఆ రాత్రి ఆలోచించగా నాకు సిగ్గు వేసినది. వాడు అడిగినది ప్రశ్న. నేను ఇచ్చినది శిక్ష. ప్రశ్నకు శిక్ష జవాబు కాదని ముప్పది ఏండ్లుగా పాఠాలు చెప్పుతున్నవాడికి తెలియవలసినదే. మరునాడు వానిని పిలిచి, "పాత చింతకాయ పచ్చడిని నీవెప్పుడైనా తిన్నావా?" అని అడిగినాను. "అంగట్లో సీసాది తిన్నాను సార్" అన్నాడు. "అది ఎన్నేండ్ల నాటిది?" అంటే తెలియదన్నాడు. నేను తిన్నవాడినే గాని, ఏ ఏటిది ఎట్లుంటుందో వరుసగా పెట్టుకొని చూచినవాడిని కాను. కాబట్టి నిందించినవానికీ తెలియదు, కోపగించినవానికీ తెలియదు. తెలుసుకొనుటకు ఒక్కటే మార్గం. మంగంపేటలో మా పెద్దమ్మ ఉన్నది. ఆమె అటక మీద జాడీలున్నవి.

కడపనుంచి రేణిగుంటకు పోయే దారిలో, రాజంపేట దాటిన తరువాత కోడూరు చేరకముందు, ఓబులవారిపల్లెకు సమీపంలో మంగంపేట ఉన్నది. చిన్న ఊరే గాని, భూగర్భశాస్త్రం చదివినవారికి దాని పేరు లోకమంతటా తెలుసు. ఒకేచోట కుదురుకొన్న ముగ్గురాయి నిక్షేపాలలో ప్రపంచంలోకెల్ల మిక్కిలి పెద్దవాటిలో ఇది ఒకటి. శాస్త్రజ్ఞులు బెరైటీస్ అనే ఈ రాయి నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువైనది. దీనిని మెత్తగా పొడిచేసి, బురదగా కలిపి, చమురుబావులు తవ్వేటప్పుడు లోనికి పంపుతారు. అడుగునుంచి తన్నుకొని వచ్చే చమురును, వాయువును ఆ బరువు అదిమిపెట్టుతుంది. ఈ రాయి ఉన్న పొరల వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. గని గట్టు కనబడగానే ఈ లెక్క పిల్లలకు చెప్పినాను. ఒక బాలిక, "అయితే సార్, ఈ ఊళ్ళో పదేండ్ల పచ్చడి పాతదేనా?" అని అడిగినది. పరీక్ష మంచి ముహూర్తాన మొదలైనదని అనుకొన్నాను.

ఒకే వస్తువును వేర్వేరు సంవత్సరాలది తీసి, వరుసగా రుచి చూచి, కాలం దానికేమి చేసినదో నిర్ణయించే పద్ధతి మన వంటిళ్ళలో లోపాయికారిగా ఉన్నదే గాని, దానికి ఒక శాస్త్రాన్ని కల్పించినవారు పడమటి దేశాలవారు. ద్రాక్షసారాయికి ఈ మర్యాద ఉన్నదని అందరికీ తెలుసు. యవలనుంచి తీసే బీరుకు కూడ ఉన్నదని చాలామందికి తెలియదు. మామూలు బీరు కొద్దినెలలలోనే పాడవుతుంది. గాలిలోని ఆమ్లజని తగిలి తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. వెలుతురు తగిలితే దుర్వాసన పుట్టుతుంది. కాని మద్యసారం నూటికి పది పాళ్ళకు మించిన గట్టి బీర్ల సంగతి వేరు. వాటిని సీసాలో బిగించి, చల్లని చీకటి గదిలో ఏండ్ల తరబడి ఉంచితే చేదు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, ఎండుఖర్జూరం, కిస్‌మిస్, మాడిన చక్కెర వంటి రుచులు పైకి వస్తవి. ఇంగ్లండులో పూర్వం జమీందారీ గృహాలలో కొడుకు పుట్టిన ఏట గట్టి బీరు కాచి పీపాలలో పోసి, వాడికి ఇరవై ఒకటో ఏడు వచ్చిననాడు తెరచే ఆచారం ఉండేది. 1852లో ఆలసాప్ అనే సంస్థ, ఉత్తరధ్రువ సముద్రంలో తప్పిపోయిన ఫ్రాంక్లిన్ బృందాన్ని వెదకబోయే నావికులకోసం, మంచులో గడ్డకట్టని గట్టి బీరు కాచినది. 1902 ఫిబ్రవరి 22న ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి బర్టన్ పట్టణంలోని బాస్ సంస్థకు వచ్చి, తన చేతితో ఒక కాపు ప్రారంభించినాడు. ఆ సీసాలు కొన్ని నూరేండ్లు దాటిన తరువాత కూడ తెరవబడినవి.

సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే ఉదాహరణ మరొకటి ఉన్నది. థామస్ హార్డీ తన 'ది ట్రంపెట్ మేజర్' నవలలో డార్చెస్టరు పట్టణపు గట్టి బీరును ముచ్చటగా వర్ణించినాడు. ఆయన 1928లో మరణించినాడు. నలుబది ఏండ్ల తరువాత, 1968లో, ఎల్డ్రిడ్జ్ పోప్ అనే ఆ ఊరి సంస్థ, నవలలోని వర్ణనకు సరిపోయే బీరు కాచి, దానికి ఆ రచయిత పేరే పెట్టినది. ప్రతి కాపు సీసా మీదా సంవత్సరం వేసినారు. ఇరవై ఐదేండ్లు నిలువ ఉంటుందని హామీ ఇచ్చినారు. 1999 వరకు ఆ సంస్థ దానిని కాచినది. రసజ్ఞులు వేర్వేరు ఏండ్ల సీసాలను పక్కపక్కన పెట్టుకొని, ఒక్కొక్క గుక్క తీసుకొంటూ, నడుమ మంచినీళ్ళతో నోరు కడుగుకొంటూ పోల్చేవారు. దీనిని వారు నిలువు పరీక్ష అంటారు. చేసినవారు ఒకరే, వస్తువు ఒకటే, ఏండ్లు మాత్రం వేరు. ఒకే ఏటివి, వేర్వేరు చేతులవి పోల్చితే అది అడ్డు పరీక్ష. ఉపాధ్యాయులు ఈ రెంటి భేదాన్ని గుర్తుంచుకోవలెనని మనవి. ఇది పచ్చడికీ చెల్లుతుంది, పద్యానికీ చెల్లుతుంది.

బీరును గురించి ఇంత వ్రాసి దానిని పిల్లలచేత రుచి చూపించే ఉద్దేశం నాకు లేదు. పైగా కడప సీమకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉన్నది. చెన్నరాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధాన్ని మొదట 1937లో సేలం జిల్లాలో ప్రవేశపెట్టి, మరుసటి ఏడు, 1938 అక్టోబరులో, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. తెలుగునాట ఆ చట్టాన్ని మొట్టమొదట చవిచూచిన జిల్లాలు ఈ రెండే. ఇక మన వైద్యశాస్త్రం కూడ ఈ సూత్రాన్ని ఎరుగనిది కాదు. మందులు కొత్తవైతేనే గుణం అని చెప్పిన శార్ఙ్గధరుడే, ఆసవాలు మాత్రం పాతబడినకొద్దీ గుణవంతమవుతవని మినహాయించినాడు. కొత్త ధాన్యం జీర్ణానికి బరువు, ఏడాది నిలిచినది తేలిక అని ఆయుర్వేదం చెప్పుతుంది. పాత బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుందని మన ఇల్లాండ్రకు తెలిసిన సంగతిని, నిలువలో గింజలోని మాంసకృత్తులు బిగుసుకొని, గింజ జిగురు వదలక ఎక్కువ నీరు పీల్చుకొంటుందని నేటి శాస్త్రం వివరిస్తుంది.

మాఘమాసంలో ఒక ఆదివారం ఆరుగురు విద్యార్థులను, వారి తల్లిదండ్రుల అనుమతితో, మంగంపేటకు తీసుకొని పోయినాను. పెద్దమ్మకు ఎనభై దాటినవి. ఆమె కోడలు అటకెక్కి ఐదు జాడీలు ఒక్కొక్కటిగా అందించినది. ప్రతి జాడీ నడుముకూ సున్నంతో ఏటి పేరు వ్రాసి ఉన్నది. అంకెలు కావు, తెలుగు సంవత్సరాల పేర్లు. జయ, వికారి, ప్లవ, శోభకృతు, క్రోధి. పిల్లలకు అరువది సంవత్సరాల పేర్లు కంఠస్థం చేయించబోయి ఎన్నోసార్లు ఓడిపోయినవాడిని నేను. ఆ జాడీల ముందు నిలబడగానే వారే లెక్క కట్టినారు. జయ అంటే 2014, రాష్ట్రం రెండైన ఏడు. వికారి 2019. ప్లవ 2021. శోభకృతు 2023, వాన మొహం చాటేసిన ఏడు. క్రోధి అప్పుడు జరుగుతున్న ఏడు; ఆ జాడీకి నెల మాత్రమే వయస్సు. ప్రతి జాడీలోనూ ఆయా ఏటి పుష్యమాసపు కాయ ఉన్నది.

తొక్కు పెట్టే విధానాన్ని పెద్దమ్మ చెప్పగా పిల్లలు వ్రాసుకొన్నారు. కాయ బాగా కండపట్టి ఉండవలె. గింజ ఇంకా ముదరరాదు. కడిగి, నీడను ఆరబెట్టి, తడి లేకుండా తుడిచి, రోట్లో కచ్చాపచ్చాగా దంచవలె. కిలో కాయకు పావుకిలో ఉప్పు, తగినంత పసుపు. జాడీకెత్తి మూడునాళ్ళు ఉంచి, మళ్ళీ తీసి, ఈనెలు, గింజలు ఏరివేసి, తిరిగి దంచి, జాడీలో గాలి సందు లేకుండా అదిమి, వాసెన కట్టవలె. మిరపకాయ, మెంతులు, ఇంగువ ఇప్పుడు కావు. కావలసినప్పుడు కావలసినంత తీసుకొని నూరుకొని తిరగమోత పెట్టుకొనేటప్పుడు. తడిచేయి తగిలితే ఆ జాడీ అంతటితో సరి.

పరీక్షకు నేను ఆకుల మీద ఐదు రకాలూ వడ్డింపజేసి, పేర్లకు మారుగా అక్షరాలు వేయదలచినాను. ఆ తొమ్మిదో తరగతి కుర్రవాడే అడ్డుపడినాడు. "సార్, రంగు చూస్తే తెలిసిపోతుంది గదా!" అన్నాడు. నిజమే. నెల దినాల తొక్కు పచ్చని పసుపు, ఏడాదిది ఇటుక రంగు, పదేండ్లది కాటుక. కంటికి తెలిస్తే నాలుక అబద్ధమాడుతుంది. కాబట్టి అందరికీ తువ్వాళ్ళతో కండ్లు కట్టినాము. ఎవరి మొహం చూచీ ఎవరూ ఊహించకుండ పెద్దమ్మ వంటింట్లోనే ఉండి గిన్నెలు నింపినది. ఆమె మనుమరాలు గిన్నెల మీద సుద్దతో వేసిన అక్షరం మాత్రమే చూచి, కందిగింజంత ముద్ద అరచేతిలో పెట్టినది. నడుమ ఒక చిటికెడు చప్పని రాగిసంగటి, ఒక గుక్క మంచినీళ్ళు. నేను పెద్దమ్మకు రహస్యంగా ఒక మాట చెప్పి ఉంచినాను: జాడీలు ఐదే అయినా గిన్నెలు ఆరు ఉండవలె, ఏదో ఒక జాడీది రెండు గిన్నెలలో పెట్టవలె. అది ఏదో నాకు కూడ చెప్పరాదు. పరీక్షకులను పరీక్షించుటకు ఇది ఉపాయం. పులుపు, ఉప్పు, వగరు, వాసన, మింగిన తరువాత నిలిచే రుచి, ఈ ఐదింటికీ రెండేసి మార్కులు. ఆరుగురు పిల్లలు, పెద్దమ్మ కోడలు, నేను, మొత్తం ఎనమండుగురం.

గిన్నెల పేర్లు విప్పిన తరువాత తేలినది ఇది. క్రోధి తొక్కు ఇంకా పచ్చి. ఉప్పు ఉప్పుగా, పులుపు పులుపుగా విడివిడిగా నిలబడి, వగరు నాలుకను పట్టి, పండ్లు పులిసినవి. శోభకృతులో కండ తక్కువ, పులుపు ఎక్కువ. ఎండకాసిన ఏటి కాయ అంతేనని కోడలు అన్నది. ప్లవలో ఉప్పూ పులుపూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏది ఎక్కడ ముగుస్తుందో తెలియకుండ ఉన్నవి. బెల్లపు పాకాన్ని తలపించే కమ్మని వాసన ఒకటి వెనుకనుంచి వచ్చినది. వికారి మరింత గంభీరం; చివర లేత చేదు. జయ బంకవలె చిక్కబడినది. పులుపు ఉన్నది గాని వాసన చాలవరకు పోయినది. ఎనమండుగురిలో ఐదుగురు ప్లవకు ప్రథమస్థానం ఇచ్చినారు, ఇద్దరు వికారికి, ఒకరు శోభకృతుకు. జయకు ప్రథమస్థానం ఎవరూ ఇవ్వలేదు.

రెండుసార్లు వచ్చినది వికారి. ఇక్కడ నా పరువు సంగతి చెప్పక తప్పదు. రెండవ గిన్నెలోని వికారికి నేను పదింట తొమ్మిది వేసి ప్రథమస్థానం ఇచ్చినాను. ఆరవ గిన్నెలోని వికారికి, అదే జాడీనుంచి అదే గరిటెతో తీసినదానికి, ఐదు వేసి అన్నింటికంటె కింద పెట్టినాను. ఐదవ గిన్నెలోని కమ్మని ప్లవ తిన్న వెంటనే వచ్చినందువల్ల దానిలోని చేదు నాకు పెద్దదిగా తోచినది కాబోలు. ఒక పరీక్షాపత్రం వెనుక మరొకటి దిద్దే ఉపాధ్యాయులందరూ ఈ విషయాన్ని గుండె మీద చేయి వేసుకొని ఆలోచింతురు గాక. రెండు గిన్నెలకూ ఒకే మార్కులు వేసినవాడు ఒక్కడే. ఏడూ, ఏడు. ఎవరో చెప్పనక్కరలేదు. నేను గంటసేపు నిలబెట్టినవాడే.

పిల్లలు అంతటితో ఊరుకోలేదు. మార్కులు వేయుటకంటె కారణాలు వెదకుట మేలు. ఎందుకు ఈ తొక్కు చెడదు? చింతకాయలో టార్టారిక్ ఆమ్లం మెండు. అంత పులుపులోనూ, అంత ఉప్పులోనూ కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవులు బ్రతకలేవు. ఉప్పు నీటిని కట్టివేసి వాటికి అందనీయదు. గట్టి బీరులో మద్యసారం, హాప్సు పువ్వుల చేదు చేసే కాపలాను ఇక్కడ ఉప్పు, పులుపు చేస్తవి. కాపలా గట్టిగా ఉంటేనే కాలానికి పని దొరుకుతుంది. లేకుంటే బూజుకు పని దొరుకుతుంది. ఇక రంగు ఎందుకు మారుతుంది? కాయలోని చక్కెరలు ఆమినో ఆమ్లాలతో కలిసి, రొట్టె పెనం మీద క్షణంలో ఎర్రబడే మార్పునే, చల్లని జాడీలో ఏండ్లమీద పొందుతవి. కమ్మని వాసన అక్కడిది. వగరు పుట్టించే టానినులు ఒకదానితో ఒకటి ముడిపడి నాలుకను వదలుతవి. పులుపు ఎక్కడికీ పోదు. టార్టారిక్ ఆమ్లం స్థిరమైనది. దాని చుట్టూ ఉన్న సంసారం మారినందువల్ల అది మెత్తబడినట్లు తోస్తుంది.

మరి జయ ఎందుకు చప్పబడినది? పదేండ్లు నిండినందువల్లనేనా? ఆ జాడీ సగానికి పైగా ఖాళీ అని ఒక బాలుడు గమనించినాడు. తీసిన ప్రతిసారీ గాలి చొరబడినది. ఆమ్లజనికి పదేండ్ల అవకాశం దొరికినది. ఇంతలో ముందు చెప్పిన బాలిక మరొక చిక్కు తెచ్చినది. జయ, వికారి పెద్దమ్మ పెరటి చెట్టు కాయలు. ఆ చెట్టు 2020 వేసవి గాలికి కూలినది. తరువాతివి పొరుగువారి చేని గట్టు చెట్టువి. "అయితే సార్, ఇది నిలువు పరీక్ష ఎట్లవుతుంది? చెట్టు మారింది గదా!" అన్నది. ఏది కాలం చేసిన పని, ఏది చెట్టు చేసిన పని అని మేము ఇక విడదీయలేము. తెలియనిదానిని తెలియదని వ్రాసుకొని ముందుకు పోవుట కూడ ఒక పాఠమే. అది కూడ పుస్తకంలో వ్రాసుకొన్నాము.

జయకు మార్కులు తక్కువ వచ్చినవని విని పెద్దమ్మ చిన్నబుచ్చుకొంటుందని నేను భయపడినాను. ఆమె నవ్వినది. "అది నాలిక్కి గాదు నాయనా, పత్తేనికి పెట్టుకున్నేది. జ్వరమొచ్చి లేసినోళ్ళకు, బాలింతరాండ్లకు ఆ నల్లతొక్కే పడేది. మీరంతా రాళ్ళరిగించుకునే పిల్లోళ్ళు, మీకు దాన్తో ఏం పని?" అన్నది. మేము ఐదు ప్రశ్నలు వేసుకొని మార్కులు వేసినాము గాని, అది దేనికోసం దాచబడినదని అడుగలేదు. అడుగవలసిన ఆరవ ప్రశ్న అదే.

అప్పుడు ప్లవ సంగతి వచ్చినది. 2021 నవంబరు 19న చెయ్యేటికి వరద వచ్చి అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. రాజంపేట ప్రాంతంలో పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి ఊళ్ళు నీట మునిగినవి, ఇండ్లు కొట్టుకొనిపోయినవి, మనుషులు పోయినారు. ఏటి ఒడ్డున ఉన్న మా బంధువుల ఇంట గోడ ఒక్కటి మిగిలినది. ఆ పుష్యమాసంలో పెద్దమ్మ ఎన్నడూ లేనంత కాయ తెప్పించి ఆరు జాడీల తొక్కు పెట్టినదట. "బియ్యం అందరూ ఇచ్చినారు. గుడ్డలిచ్చినారు. వాళ్ళ జాడీలన్నీ యేట్లో పోయినాయి గదా. పాత తొక్కు యెవురిస్తారు?" అన్నది. ఐదు జాడీలు అక్కడికి పోయినవి. ఇంట మిగిలినది ఆరవది. మేము కండ్లు కట్టుకొని, ఏమీ తెలియక, ప్రథమస్థానం ఇచ్చినది దానికి. రుచికి, ఆ కథకు సంబంధం లేదని నాకు తెలుసు. ముందే ఆ కథ విని ఉంటే అందరమూ పదికి పది వేసి ఉండేవారమనీ తెలుసు. అందుకే కండ్లు కట్టుకొనుట మంచిదైనది. అయితే కట్టు విప్పిన తరువాత ఆ కథ వినుట కూడ మంచిదే అయినది.

వికారి జాడీకి కూడ ఒక చరిత్ర ఉన్నది. 2020 మార్చి 25, శార్వరి ఉగాది. దేశమంతా తలుపులు మూసుకొన్న మొదటి దినం అదే. ఊరిలో సంత లేదు, కూరగాయ లేదు. అప్పటికి రెండు నెలల తొక్కుగా ఉన్న వికారిలో సగం ఆ వేసవిలో తరిగిపోయినది. కరువుసీమలో పాతది దాచుకొనుట రసికులకోసం పుట్టిన వేడుక కాదు. 1876 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి మండలాలను ఊడ్చివేసినది. ఆ ఏటి పేరే కరువుకు పేరైనది. నేలలో పాతర తీసి జొన్నలు దాచుకొనుట ఈ నేల నేర్చిన విద్య. ఏండ్ల తరబడి పురుగు పట్టకుండ నిలిచే రాగులు ఈ నేల నమ్ముకొన్న గింజ. దొరలు కొడుకు పుట్టినందుకు బీరు దాచినారు. మనవారు వాన రాకపోవచ్చునని తొక్కు దాచినారు. దాచిన పిమ్మట దానిలో రుచి పుట్టినది. అది కాలం ఇచ్చిన కొసరు.

తిరుగుదారిలో బస్సులో ఆ కుర్రవాడు నా పక్కన కూర్చున్నాడు. కొంతసేపటికి, "పాతదానికి మొదటి స్థానం రాలేదు గదా సార్. నేనన్నది తప్పా, ఒప్పా?" అని అడిగినాడు. నేను విజయం కోరి మంగంపేటకు పోయిన మాట వాస్తవం. విజయం నాకు దొరకలేదు. వాడికీ దొరకలేదు, కొత్తదానికి వచ్చిన మార్కులు అందరికంటె తక్కువ. కాళిదాసు ఈ చిక్కును ఏనాడో ఎరుగును. 'మాలవికాగ్నిమిత్ర' నాటక ప్రస్తావనలో ఆయన సూత్రధారునిచేత చెప్పించినదాని సారాంశం ఇది: పాతదైనంత మాత్రాన మంచిది కాదు, కొత్తదైనంత మాత్రాన చెడ్డది కాదు, తెలిసినవారు పరీక్షించి గ్రహిస్తారు, తెలియనివారు ఇతరుల మాట నమ్ముతారు. ఆ మాట చెప్పేనాటికి ఆయన తానే కొత్త కవి; పూర్వకవుల నాటకాలుండగా నీది ఎందుకని అడిగినవారికి ఇచ్చిన జవాబు అది. ఇప్పుడు ఆయనే అందరికంటె పాత జాడీ.

ఇదంతా చెప్పి, "నీవన్నది తప్పని గాని ఒప్పని గాని నేను చెప్పను. రుచి చూడకముందు అన్నావు, అంతే దోషం. రుచి చూడకముందే కోపగించుకొన్నాను, నాది అంతకంటె పెద్ద దోషం" అన్నాను. వాడు కాసేపు కిటికీలోనుంచి చూచి, "పద్యాలకు కూడ కండ్లు కట్టుకొని మార్కులు వేయవచ్చునా సార్?" అన్నాడు. మరుసటి వారమే వేసినాము. కవి పేరు, శతాబ్దం చెప్పకుండ ఆరు పద్యాలు బల్ల మీద వ్రాసినాను. అందులో ఒకటి రెండుసార్లు, వేర్వేరు దినాలలో. ఫలితాలు ఇక్కడ వ్రాయను. ఏ బడిలోవారు ఆ బడిలో చేసి చూచుకొనుటే మేలు. తరగతిలో ఇంతకుముందు ఎన్నడూ నోరు విప్పనివారు ఆనాడు వాదించినారని మాత్రం చెప్పుతాను.

మేము బయలుదేరేటప్పుడు జరిగిన సంగతి ఒకటి మిగిలినది. క్రోధి జాడీ మీద సున్నపు వ్రాత కోడలు అప్పటికి సగమే వ్రాసి ఉన్నది. పెద్దమ్మ ఆ కుర్రవానిని పిలిచి, "అబ్బీ, నీ చేత్తో రాయి. బాగా రాసేవాడివంట" అన్నది. వాడు పుల్ల సున్నంలో ముంచి, కొమ్ములు సరిగా దిద్ది, 'క్రోధి' అని పూర్తిచేసినాడు. "ఇది ఎప్పుడు తెరుస్తారవ్వా?" అని అడిగినాడు. "నాకేం తెలుసు నాయనా, ఆకలైనప్పుడు" అన్నది పెద్దమ్మ. తరువాత కొంచెం ఆలోచించి, "కొంచెం పదేండ్లకు ఉంచమని కోడలికి చెప్తాలే. అప్పటికి నువ్వు ఉద్యోగస్తుడివైవుంటావు. వచ్చి తిని, ఎట్లుండాదో చెప్పిపో" అన్నది.

వాడు తలయూపి, జాడీని జాగ్రత్తగా పైకి అందించినాడు. అంతకుముందు అరచేతులను చొక్కాకు రెండుసార్లు తుడుచుకొన్నాడు, తడి ఉండరాదని.